విప్పగలిగినదే గట్టిది



పాత వాల్వు రేడియోలు బాగుచేసుకునేవాళ్లు, ఆగిపోయిన గోడ గడియారాలను మళ్లీ నడిపించేవాళ్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు. అలాంటిదే ఇంకో అభిరుచి ఉంది. రగ్గడ్ లాప్‌టాప్ అనే దృఢమైన రకం లాప్‌టాప్‌ను, అదీ పది పదిహేనేళ్ల కిందటిదాన్ని సంపాదించడం, విప్పడం, శుభ్రం చేయడం, అరిగిన భాగాలు మార్చడం, ఈనాటి పనికి సిద్ధం చేయడం. కొన్నేళ్లుగా నేను ఇష్టంగా చేస్తున్న పని ఇది. అది ఎలా సాగుతుందో ఈ ప్రసంగంలో చెబుతాను. అది నాకు నేర్పిన ఒక విషయం కూడా చెబుతాను. ఒక వస్తువు ఎంతకాలం నిలుస్తుందో తేల్చేది దాని పెట్టె మందం ఒక్కటే అనుకుంటాం. అంతకన్నా ముఖ్యమైనది, దాన్ని విప్పి బాగుచేసుకునే వీలు.

ముందు ఈ యంత్రం ఏమిటో చూద్దాం. మామూలు లాప్‌టాప్‌ను ఆఫీసు బల్లను దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. రగ్గడ్ లాప్‌టాప్‌ను పోలీసు వాహనం, సైనిక శిబిరం, కరెంటు సబ్‌స్టేషన్, చమురు బావి, విమానాలు మరమ్మతు చేసే షెడ్డు, ఇలాంటి చోట్లను దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. దుమ్ము పడుతుంది, వాన తగులుతుంది, చేతిలోంచి జారి కింద పడుతుంది అని ముందే ఒప్పుకుని కట్టిన యంత్రం అది.

దీని చరిత్ర 1982లో అమెరికాలో వచ్చిన గ్రిడ్ కంపాస్ అనే కంప్యూటర్ దాకా వెళుతుంది. మూత ఎత్తితే తెర, కింద కీబోర్డు, ఇవాళ మనకు అలవాటైన ఆకారం అప్పటికే అందులో ఉంది. దాని పెట్టెను మెగ్నీషియం మిశ్రమ లోహంతో చేశారు. 1983 నవంబరులో స్పేస్ షటిల్‌లో వ్యోమగాములతో పాటు అంతరిక్షానికి కూడా వెళ్లివచ్చింది. తర్వాత 1996లో జపాన్‌కు చెందిన పానసోనిక్ కంపెనీ సీఎఫ్-25 అనే నమూనాతో టఫ్‌బుక్ శ్రేణిని మొదలుపెట్టింది. తైవాన్‌లో గెటాక్, అమెరికాలో ఐట్రానిక్స్, డెల్ కూడా ఈ రకం యంత్రాలు తయారుచేశాయి. అయినా అభిరుచి ఉన్నవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి టఫ్‌బుక్‌లే. అందుకే ఇవాళ నేను చెప్పేదంతా టఫ్‌బుక్ సీఎఫ్-31 అనే ఒక్క నమూనా చుట్టూ తిరుగుతుంది. 2010లో బజారులోకి వచ్చిన ఈ నమూనా ఆ తర్వాత కొత్త ప్రాసెసర్లతో ఐదు తరాలుగా సాగింది.

సీఎఫ్-31 బరువు మూడున్నర కిలోలకు పైనే. పట్టుకోవడానికి సూట్‌కేసుకు ఉన్నట్టు పిడి ఉంటుంది. తెర 13.1 అంగుళాలు, 1024 బై 768 చుక్కలు. అంటే వెడల్పాటి సినిమా తెర ఆకారం కాదు, పాత టీవీల నాలుగుకు మూడు నిష్పత్తి. తెర వెలుతురు మాత్రం వెయ్యి నిట్లకు పైగా ఉంటుంది. మామూలు లాప్‌టాప్‌లలో ఇది రెండు మూడు వందల నిట్లు. మన వైశాఖమాసపు ఎండలో, మిట్టమధ్యాహ్నం, ఆరుబయట నిలబడి కూడా ఈ తెర మీద అక్షరాలు చదువుకోవచ్చు. పెట్టె మెగ్నీషియం మిశ్రమ లోహం. అల్యూమినియం బరువులో మూడింట రెండు వంతులే ఉండి, పలచటి ప్లాస్టిక్ కన్నా ఎన్నో రెట్లు బిగువుగా ఉండే లోహం ఇది.

ఈ యంత్రాల ప్రకటనల్లో రెండు ప్రమాణాల పేర్లు కనిపిస్తాయి. వాటి అర్థం తెలుసుకుంటే, పాతది కొనేటప్పుడు ఏం ఆశించాలో ఏం ఆశించకూడదో తెలుస్తుంది. ఒకటి ఐపీ 65. ఇందులో మొదటి అంకె 6 అంటే దుమ్ము లోపలికి బొత్తిగా పోదని. రెండో అంకె 5 అంటే, 6.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో, నిమిషానికి పన్నెండున్నర లీటర్ల చొప్పున, రెండున్నర మూడు మీటర్ల దూరం నుంచి, అన్ని వైపుల నుంచీ నీటిధార కొట్టినా లోపల హాని జరగదని. రెండోది అమెరికా సైన్యపు మిల్ స్టాండర్డ్ 810. ఇది మొదట 1962లో వచ్చింది. సీఎఫ్-31 కాలానికి వర్తించే 810జీ అనే రూపం 2008 నాటిది. అందులోని పడే పరీక్షలో ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు, మొత్తం 26 సార్లు కింద పడేస్తారు. ఆ 26 దెబ్బలనూ ఒకే యంత్రం తినాలని నియమం లేదు. ఐదు యంత్రాల దాకా పంచుకోవచ్చు. ఏయే పరీక్షలు చేయాలో తయారీదారే ఎంచుకోవచ్చు కూడా. కాబట్టి ఆ ముద్ర ఉన్నంత మాత్రాన మన చేతిలోని పాత యంత్రాన్ని మేడ మీది నుంచి పడేయవచ్చని కాదు. అది కొత్తగా ఉన్నప్పుడు, సీళ్లు సరిగా ఉన్నప్పుడు పరీక్షించిన మాట.

ఇవి మనకు ఎలా దొరుకుతాయి? పోలీసు శాఖలు, సైన్యాలు, టెలిఫోన్, విద్యుత్ సంస్థలు వీటిని వందల్లో కొంటాయి. కొన్నేళ్లకు అన్నింటినీ ఒకేసారి మార్చేస్తాయి. అలా పక్కన పెట్టినవి పాత సామాను వ్యాపారుల దగ్గరికి, వాళ్ల నుంచి విడివిడిగా బజారుకు వస్తాయి. అమెరికా, యూరప్‌లలో ఇవి ఎక్కువ. ఆ దేశాల్లో ఉంటున్న మన పిల్లలు, బంధువులు వచ్చేటప్పుడు తెప్పించుకునేవాళ్లున్నారు. మన దగ్గర పాత లాప్‌టాప్‌ల కోసం సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, విడిభాగాల కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళతాం. అక్కడ రగ్గడ్ లాప్‌టాప్ అరుదు. కానీ ర్యామ్, డిస్కు, పేస్టు, సెల్లు, స్క్రూడ్రైవర్లు లాంటివి దొరుకుతాయి.

కొనే ముందు చూసుకోవాల్సినవి నాలుగున్నాయి. మొదటిది పాస్‌వర్డ్. ప్రభుత్వ సంస్థల నుంచి వచ్చిన యంత్రాలకు బయోస్‌లో, అంటే ఆన్ చేయగానే ముందుగా నడిచే లోపలి ప్రోగ్రాంలో, సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి ఉండవచ్చు. అది మామూలు లాగిన్ పాస్‌వర్డ్ లాంటిది కాదు. డిస్కు మార్చినా పోదు, లోపలి చిన్న బ్యాటరీ తీసినా పోదు. అందువల్ల ఆన్ చేసి, బయోస్‌లోకి వెళ్లి, సెట్టింగులు మార్చనిస్తోందో లేదో చూసి తీరాలి. రెండోది డిస్కు పెట్టుకునే క్యాడీ. సంస్థలు తమ సమాచారం బయటికి పోకుండా డిస్కును లాగేసి అమ్ముతాయి. చాలాసార్లు దాంతోపాటు క్యాడీ కూడా పోతుంది. డిస్కు ఎక్కడైనా దొరుకుతుంది, ఆ క్యాడీ దొరకడం కష్టం. మూడోది అడాప్టర్. మామూలు లాప్‌టాప్‌ల అడాప్టర్లు చాలావరకు 19 వోల్టులు ఇస్తాయి. టఫ్‌బుక్‌కు కావలసింది 15.6 వోల్టులు. పిన్ను పట్టింది కదా అని వేరే అడాప్టర్ గుచ్చకూడదు. నాలుగోది పోర్టుల మీది చిన్న చిన్న తలుపులు, వాటి లోపలి రబ్బరు. తలుపు విరిగిపోయి ఉంటే అక్కడి నుంచి ఇన్నేళ్లుగా తేమ లోపలికి వెళ్లిందనే లెక్క.

ఇక విప్పడం. మొట్టమొదట అడాప్టర్ తీయాలి, బ్యాటరీ బయటికి లాగాలి. ఈ యంత్రంలో బ్యాటరీకి స్క్రూ లేదు. పక్కన తలుపు ఉంటుంది, గడియ జరిపితే తెరుచుకుంటుంది, పట్టీ పట్టుకుని లాగితే బ్యాటరీ చేతిలోకి వస్తుంది. డిస్కు కూడా అంతే. నాకు ఈ యంత్రం మీద గౌరవం కలిగింది ఇక్కడే. ఇంత కట్టుదిట్టంగా మూసిన పెట్టెలో, తొందరగా పాడయ్యే రెండు భాగాలను మాత్రం పనిముట్టు లేకుండా తీసేలా పెట్టారు. ఎడారిలోనో మంచుకొండలోనో ఉన్న మనిషి సర్వీస్ సెంటరుకు వెళ్లలేడని ఆ ఇంజనీర్లకు తెలుసు. పాడయ్యేది ఏదో ముందే గుర్తించి, దాన్ని మార్చే దారి ముందే వేసి పెట్టారు.

మిగతా మూతలకు స్క్రూలుంటాయి. అవి ఒకే పొడవు ఉండవు. పొడుగు స్క్రూను పొట్టి స్క్రూ చోట బిగిస్తే లోపలి బోర్డును గుచ్చుతుంది. ఒక తెల్ల కాగితం మీద యంత్రం బొమ్మ గీసి, ఏ స్క్రూ తీస్తే దాన్ని ఆ చోటే గుచ్చి పెట్టుకోవడం మంచి అలవాటు. కరెంటు స్క్రూడ్రైవర్ వాడకూడదు. మెగ్నీషియంలో మరలు మెత్తన, బలవంతం చేస్తే మర తెగిపోతుంది. ఇంకో విషయం మన కోస్తా వాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. యంత్రాల పెట్టెలకు వాడే లోహాల్లో మెగ్నీషియం అంత తొందరగా రసాయన చర్యకు లోనయ్యేది మరొకటి లేదు. ఉప్పుగాలి తగిలే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల, రంగు గీసుకుపోయిన చోట, స్టీలు స్క్రూ తాకే చోట తెల్లటి పొడి లేస్తుంది. అది కనిపిస్తే మెత్తటి బ్రష్‌తో దులిపి, శుభ్రం చేసి, పెయింట్‌తో కప్పేయాలి. వదిలేస్తే లోహాన్ని తినేస్తుంది.

అప్‌గ్రేడ్‌లలో అన్నిటికన్నా ఫలితం ఎక్కువగా ఇచ్చేది డిస్కు మార్పిడి. పాత యంత్రాల్లో తిరిగే హార్డ్ డిస్కు ఉంటుంది. లోపలి పళ్లెం మీద కావలసిన చోటికి సూది చేరడానికి పది మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. దాని బదులు పెట్టే ఎస్‌ఎస్‌డీ అనే డిస్కులో తిరిగే భాగమే లేదు, అదే పని మిల్లీసెకనులో పదో వంతులో అయిపోతుంది. కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు ఇలాంటి వెతుకులాటలు వేలల్లో జరుగుతాయి కాబట్టి, యంత్రం మారిపోయిందా అనిపించేంత తేడా వస్తుంది. దెబ్బలకు తట్టుకోవడంలో కూడా ఎస్‌ఎస్‌డీదే పైచేయి.

ఈ పనిలో చేతి మెళకువ క్యాడీ దగ్గర కావాలి. దాన్ని తెరిస్తే డిస్కు చుట్టూ మెత్తటి జెల్ దిండ్లు, డిస్కును ఆనుకుని పలచటి హీటర్ పొర, ఒక రిబ్బన్ కేబుల్ కనిపిస్తాయి. గడ్డకట్టే చలిలో డిస్కు తిరగడానికి ముందు దాన్ని వెచ్చచేయడానికి ఆ హీటర్. మనకు దాని అవసరం రాదు, అయినా కేబుల్‌తో కలిసి ఉంటుంది కాబట్టి పీకేయకుండా ఉంచడమే మంచిది. పాత డిస్కు మందం తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, కొత్త ఎస్‌ఎస్‌డీ ఏడు మిల్లీమీటర్లు. ఆ రెండున్నర మిల్లీమీటర్ల ఖాళీని అట్టతోనో ఫోమ్‌తోనో నింపకపోతే లోపల కదులుతూ కనెక్టర్ వదులవుతుంది. రిబ్బన్ కేబుల్‌ను మడత పడకుండా, వేళ్లతో గుంజకుండా తీయాలి.

తర్వాత ర్యామ్. అడుగున ఉన్న మూత తీస్తే స్లాట్లు కనిపిస్తాయి. తొలి తరం సీఎఫ్-31 ఎనిమిది జీబీ దాకా, తర్వాతి తరాలు పదహారు జీబీ దాకా తీసుకుంటాయి. ఇవన్నీ డీడీఆర్3 రకం. చివరి తరంలో, అంటే ఐదో తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నదానిలో, 1.35 వోల్టులతో నడిచే డీడీఆర్3ఎల్ మాత్రమే పెట్టాలి. నాలుగు జీబీలతో ఉన్నదానికి ఎనిమిది పెడితే, ఇవాళ్టి బ్రౌజర్‌లో పది పేజీలు తెరిచినా ఊపిరాడుతుంది. నా దృష్టిలో ఈ యంత్రానికి అది చాలు. అంకె పెద్దదని పదహారు పెట్టి, దానికయ్యే డబ్బు బ్యాటరీకి లేకుండా చేసుకోవడం తెలివైన పని కాదు.

మూడో పని వేడిని బయటికి పంపడం. ప్రాసెసర్‌కూ దాని మీది రాగి పలకకూ మధ్య పూసిన థర్మల్ పేస్టు పదేళ్లలో ఎండి గట్టిపడి, పెళుసుగా ఊడివస్తుంది. పాతదాన్ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది పలచగా పూయాలి. కొన్ని చిప్పుల మీద పేస్టు బదులు మెత్తటి థర్మల్ ప్యాడ్ ఉంటుంది. దాని మందం కొలిచి అదే మందం కొనాలి. పలచనైతే ఆనదు, మందమైతే పలకను ఎత్తేసి పక్క చిప్పుకు ఆననివ్వదు. సీఎఫ్-31 కన్నా ముందున్న సీఎఫ్-30లో ఫ్యానే లేదు. వేడంతా మెగ్నీషియం పెట్టెలోకే పాకి గాలిలో కలిసిపోతుంది. అలాంటివాటిలో ఈ పేస్టు, ప్యాడ్ల పని ఇంకా జాగ్రత్తగా చేయాలి, ఎందుకంటే వేడి పోవడానికి వేరే దారి లేదు.

నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, సీళ్లు. ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ వదులైతే కుక్కర్ పారేయం, గాస్కెట్ మారుస్తాం. అందుకే ఒక కుక్కర్ ఒక ఇంట్లో ఇరవై ఏళ్లు ఉంటుంది. ఈ లాప్‌టాప్‌ల కథా అదే. నీటిని ఆపేది మెగ్నీషియం కాదు, మూతల అంచున ఉన్న సన్నటి రబ్బరు. అది ఎండి పగిలితే కొత్తది వేయాలి. పగలకుండా బిగుసుకుపోతే శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు అతి పలచగా రాయాలి. వాసెలిన్ లాంటి పెట్రోలియం జెల్లీ రాయకూడదు, కొన్ని రకాల రబ్బరును అది ఉబ్బించి పాడుచేస్తుంది. మూత బిగించేటప్పుడు ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలకు వెళ్లకుండా, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. అప్పుడు ఒత్తిడి సమంగా పడుతుంది. ఇంత చేసినా, ఇంట్లో విప్పి మూసిన యంత్రాన్ని ఐపీ 65 అని నమ్మి నీళ్లు పోయవద్దు. వాన చినుకులకు, దుమ్ముకు అది చక్కగా తట్టుకుంటుంది, మన వాడకానికి కావలసింది కూడా అదే.

ఐదోది బ్యాటరీ. ఇక్కడ మాత్రం గట్టిగా ఒక హెచ్చరిక చేస్తాను. సీఎఫ్-31 బ్యాటరీలో 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న లిథియం అయాన్ సెల్లు తొమ్మిది ఉంటాయి. మూడేసి సెల్లను పక్కపక్కన కలిపి, అలాంటి మూడు గుంపులను వరసలో కలుపుతారు. మొత్తం 10.65 వోల్టులు, కొత్తగా ఉన్నప్పుడు 91 వాట్ అవర్ల శక్తి. పెట్టె పగలదీసి పాత సెల్లు తీసేసి కొత్తవి పెట్టవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ సెల్లను మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో అతికిస్తే వేడికి లోపల దెబ్బతింటాయి, స్పాట్ వెల్డింగ్ చేయాలి. సెల్లు విడదీయగానే బ్యాటరీ లోపలి బోర్డు శాశ్వతంగా లాక్ అయిపోవచ్చు. తప్పు కలిపితే మంటలు లేస్తాయి, ఆ మంట నీళ్లు చల్లగానే ఆరిపోయేది కాదు. ఆ విద్య నేర్చినవాళ్లు తప్ప మిగతావాళ్లు నమ్మకమైన చోట కొత్త బ్యాటరీ కొనుక్కోవాలి. ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో ఉంచవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి.

హార్డ్‌వేర్ పని అయింది, ఇక సాఫ్ట్‌వేర్. ఈ యంత్రాల్లో చాలావాటితో వచ్చిన విండోస్ 7కు 2020 జనవరి 14తో కంపెనీ మద్దతు ముగిసింది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి మాత్రమే ఒప్పుకుంటుంది, సీఎఫ్-31లో చివరిది ఐదో తరం. అంటే లోహం, తెర, కీబోర్డు అన్నీ బాగున్న యంత్రం కేవలం సాఫ్ట్‌వేర్ గడువు వల్ల చెత్తగా మారుతుంది. దీనికి మందు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. సీఎఫ్-31 ప్రాసెసర్లు అన్నీ 64 బిట్లవే కాబట్టి, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లైనక్స్ రకం దీని మీద నడుస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికైన డెస్క్‌టాప్ పెట్టుకుంటే ఎనిమిది జీబీ ర్యామ్‌లో హాయిగా పనిచేస్తుంది. ఇంకా పాతవైన, పెంటియం ఎమ్ ప్రాసెసర్ ఉన్న టఫ్‌బుక్‌లు 32 బిట్లవి. వాటికి డెబియన్ 13లో ఇన్‌స్టాలర్ లేదు. వాటిని ఎంచుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

తెలుగులో పని చేసుకోవడానికి అడ్డేమీ లేదు. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ రెండు పద్ధతుల్లోనూ టైపు చేయవచ్చు. లోహిత్ తెలుగు ఫాంటు ఉంది. కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఫాంటులు ఉచితంగా పెట్టుకోవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగువాళ్లకు దగ్గర చేయడానికి ఏళ్ల తరబడి పనిచేస్తోంది. నాలుగుకు మూడు నిష్పత్తి తెర సినిమాకు సరిపోకపోవచ్చు, కాని పేజీ చదవడానికి, వ్యాసం రాయడానికి చక్కగా కుదురుతుంది.

ఇంత చేశాక దాంతో ఏం చేస్తారని అడుగుతారు. ఈ యంత్రంలో తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంది, కొత్త లాప్‌టాప్‌లలో అది మాయమైంది. ఫ్యాక్టరీల్లో యంత్రాలను నియంత్రించే పీఎల్‌సీలు, కంప్యూటర్ ఆజ్ఞలతో నడిచే సీఎన్‌సీ యంత్రాలు, లారీలను తూచే వే బ్రిడ్జిల ఇండికేటర్లు చాలావాటికి ఇప్పటికీ ఆ పోర్టుతోనే సంభాషణ. రైస్ మిల్లులో, జిన్నింగ్ మిల్లులో, దూదిపొట్టు, ఊక దుమ్ము మధ్య ఈ లాప్‌టాప్ పెట్టే చోట మామూలు లాప్‌టాప్ పెట్టలేం.

రేడియోలో మాట్లాడుతూ రేడియో గురించి చెప్పకపోతే ఎలా? హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా రేడియో సంకేతాలు పంపుకునే పని, చేసేవాళ్లకు ఇది మంచి తోడు. వాళ్లు వాడే ఎఫ్‌టీ8 అనే సందేశ పద్ధతి 2017లో వచ్చింది. దాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరు జో టేలర్, 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త. పదిహేను సెకన్లకు ఒక వంతు చొప్పున, చెవికి వినిపించనంత బలహీనమైన సంకేతాన్ని కూడా కంప్యూటర్ చదివేస్తుంది. దానికి సీఎఫ్-31 శక్తి సరిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక కరెంటు, ఫోన్లు ఎలా స్తంభించాయో ఉత్తరాంధ్రవాళ్లు మరిచిపోలేరు. అలాంటి రోజుల్లో వానలో మోసుకెళ్లగలిగి, బ్యాటరీ మీద నడిచి, ఆరుబయట తెర కనిపించే కంప్యూటర్ విలువ వేరు. హామ్ లైసెన్సు గురించి తెలుసుకోవాలనుకునే యువతీ యువకులకు హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచీ ఉంది.

దీని హద్దులు కూడా చెప్పాలి. వీడియో ఎడిటింగ్‌కు ఇది పనికిరాదు. కొత్త వీడియో ఫార్మాట్లను చదివే ప్రత్యేక సర్క్యూట్ ఆ ప్రాసెసర్లలో లేదు, పెద్ద వీడియోలు పెడితే వేడెక్కి తడబడుతుంది. కొందరు లోపలి బోర్డంతా పీకేసి, పెట్టె మాత్రం ఉంచుకుని, కొత్త బోర్డు బిగిస్తారు. నైపుణ్యం ఉన్న పనే, కాదనను. నాకు మాత్రం అది పునరుద్ధరణ అనిపించదు. ఏ పని కోసం దాన్ని తయారుచేశారో ఆ పని మళ్లీ చేయించడమే పునరుద్ధరణ. డిస్కు, ర్యామ్, పేస్టు, సీళ్లు, బ్యాటరీ, సాఫ్ట్‌వేర్, ఈ ఆరూ మార్చి మిగతాదాన్ని ఉన్నట్టే ఉంచుతాను. పెట్టె మీది గీతలు కూడా, లోహం బయటపడని చోట, అలాగే వదిలేస్తాను.

ఇప్పుడు మొదట చెప్పిన విషయానికి కొనసాగింపు. ఐక్యరాజ్యసమితి సంస్థలు వెలువరించిన లెక్క ప్రకారం 2022లో ప్రపంచం ఆరు కోట్ల ఇరవై లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలను పోగుచేసింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి, రీసైకిల్ చేసినట్టు లెక్క దొరికింది నాలుగో వంతు కన్నా తక్కువ. లాప్‌టాప్ వల్ల వాతావరణానికి జరిగే నష్టంలో ఎక్కువ భాగం దాన్ని తయారుచేయడంలోనే జరిగిపోతుంది, వాడకంలో అయ్యే కరెంటు వల్ల జరిగేది తక్కువ. కాబట్టి ఉన్నదాన్ని ఇంకో ఐదేళ్లు వాడటం కన్నా మేలైన పని మన చేతిలో లేదు.

అయితే అది మన ఇష్టం ఒక్కదాని మీదే ఆధారపడదు. బ్యాటరీని జిగురుతో అతికించి, ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసి అమ్మిన లాప్‌టాప్‌ను ఎంత ఓపిక ఉన్నవాడైనా ఏం చేయగలడు? పలచగా ఉండాలంటే అలా చేయక తప్పదని అంటారు. 2021లో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ లాప్‌టాప్, పలచగా ఉంటూనే దాదాపు ప్రతి భాగం యజమాని మార్చుకునేలా చేయవచ్చని చూపించింది. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీల చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లోని బ్యాటరీలను వాడుకరే తీసి మార్చుకునేలా ఉండాలి. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో దానికి ఒక పోర్టల్ తెరిచింది. కంపెనీలు తమ వస్తువుల మరమ్మతు వివరాలు, విడిభాగాల వివరాలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. ఇది మంచి మొదలు. చట్టంగా మారితే ఇంకా మంచిది. పార్క్‌లేన్‌లో, విజయవాడలో, తిరుపతిలో, ప్రతి పట్టణంలో చిన్న బల్ల వేసుకుని కూర్చునే మరమ్మతు పనివాళ్ల నైపుణ్యానికి అప్పుడు సర్వీస్ మాన్యువల్ బలం, అసలు విడిభాగాల బలం తోడవుతాయి. వాళ్లు ఇప్పటికే ఏ మాన్యువల్ లేకుండా ఎన్ని అద్భుతాలు చేస్తున్నారో మనందరికీ తెలుసు.

శ్రోతలారా, మీలో ఈ అభిరుచి మొదలుపెట్టాలనుకునేవాళ్లు రగ్గడ్ లాప్‌టాప్ కోసం వెతకనక్కర్లేదు. ఇంట్లో అటక మీద పడి ఉన్న పాత లాప్‌టాప్‌తోనే మొదలుపెట్టండి. బ్యాటరీ ఉబ్బి లేదని చూసుకుని, డిస్కు మార్చి, దుమ్ము దులిపి, లైనక్స్ వేయండి. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. పాఠ్యపుస్తకంలో బొమ్మగా చూసిన ర్యామ్‌ను వాళ్లు చేత్తో పట్టుకుని స్లాట్‌లో పెడతారు.

కొత్త లాప్‌టాప్ కొనబోయేవాళ్లకు నాదొక మనవి. ధర, బరువు, రంగు అడిగాక ఇంకో నాలుగు ప్రశ్నలు అడగండి. బ్యాటరీ మార్చుకోవచ్చా? ర్యామ్ పెంచుకోవచ్చా? డిస్కు విడిగా వస్తుందా? విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి? దుకాణదారుకు జవాబు తెలియకపోయినా ఫరవాలేదు. రోజుకు పదిమంది అడిగితే, అతను పైవాళ్లను అడుగుతాడు. పైవాళ్లు కంపెనీని అడుగుతారు. సైనికుడి కోసం, లైన్‌మన్ కోసం విప్పి బాగుచేసుకునే లాప్‌టాప్‌ను తయారుచేయగలిగిన పరిశ్రమ, మనం గట్టిగా అడిగితే, డిగ్రీ చదివే విద్యార్థి కోసం కూడా తయారుచేయగలదు.